అమ్మ కుర్చీ: సెంటర్‌కి రావడానికి ఒక పాపను, ఆమె ఇంటివాళ్లను సిద్ధం చేసిన కేసు

పాపకు ఏడేళ్లు. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చేశాను. ఆమెకు ఏం జరిగిందన్నది ఇక్కడ రాయను, అది ఆమె సొంత సంగతి. పాప మా చైల్డ్ అడ్వొకసీ సెంటర్‌కి రాకముందు, వచ్చాక మేం ఏం చేశామో, అందులో నేను ఎక్కడ మాట తప్పానో, అంతవరకే రాస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు, ఇలాంటి రోజు ఎదురైన తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ఈ సెంటర్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒకప్పుడు లైంగిక వేధింపులకు గురైన బిడ్డ ఆ సంగతిని పోలీసుకు ఒకసారి, సంక్షేమ అధికారికి ఒకసారి, డాక్టరుకు ఒకసారి, ప్రాసిక్యూటర్‌కు మరోసారి చెప్పుకోవాల్సి వచ్చేది. ప్రతిసారీ కొత్త గది, కొత్త మనిషి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో అప్పటి డిస్ట్రిక్ట్ అటార్నీ బడ్ క్రేమర్ 1985లో ఈ పద్ధతిని తిరగేశారు. బిడ్డ అందరి దగ్గరికీ తిరగడం మానిపించి, అందరినీ బిడ్డ ఉన్న చోటికి రప్పించే ఏర్పాటు చేశారు. 1998లో ఐస్‌లాండ్‌లో ఇదే ఆలోచనతో ‘బార్నహుస్’ మొదలైంది. ఆ మాటకు అర్థం పిల్లల ఇల్లు అని. అక్కడి నుంచి అది యూరప్‌లోని చాలా దేశాలకు పాకింది. పేరు ఏదైనా నడిచే తీరు ఒకటే. శిక్షణ పొందిన ఒక్క మనిషి బిడ్డతో మాట్లాడుతుంది, అది రికార్డవుతుంది, వినాల్సినవాళ్లు పక్క గదిలో కూర్చుని చూస్తారు.

నేను చేసేది ఫ్యామిలీ అడ్వొకేట్ ఉద్యోగం. ఆ పేరు వినగానే లాయరు అనుకుంటారు. నేను లాయరును కాను. కుటుంబం మొదటి ఫోన్ చేసిన రోజు నుంచి వాళ్లతో ఉండే మనిషిని.

మొదటి ఫోన్

పాప తల్లి అడిగిన మొదటి ప్రశ్న: “ఏయే కాగితాలు తెచ్చుకోవాలి మేడం?” రెండో ప్రశ్న: “పాప చేత ఏమేం చెప్పించాలి?”

రెండో ప్రశ్న దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది. అందులో తప్పు పట్టాల్సింది లేదు. బిడ్డను పరీక్షకు పంపుతున్నట్టు వాళ్లకు అనిపిస్తుంది, చదివించి పంపాలనుకుంటారు. “ఏమీ చెప్పించొద్దండీ. ఇప్పటిదాకా ఎవరెవరు పాపను అడిగారో మాత్రం నాకు చెప్పండి,” అన్నాను.

లెక్క వేస్తే ముగ్గురు తేలారు. తల దువ్వుతున్నప్పుడు పాప తనంతట తనే తల్లికి చెప్పింది. తల్లి మళ్లీ అడిగింది. సాయంత్రం తండ్రి వచ్చి, “నిజం చెప్పు,” అని అడిగాడు. మర్నాడు పిన్ని అడిగింది. నాయనమ్మ అడగలేదు కానీ, అడుగుతున్నంతసేపూ అక్కడే కూర్చుంది. ఆ చివరి మాటను నేను నోట్సులో రాసుకుని కూడా దాని గురించి ఆలోచించలేదు. ఇది నా మొదటి పొరపాటు.

మళ్లీ మళ్లీ అడిగితే ఏమవుతుందో తల్లికి వివరంగా చెప్పాను. పెద్దవాళ్లు అదే ప్రశ్న రెండోసారి వేస్తే, మొదట చెప్పిన జవాబు తప్పేమోనని చిన్నపిల్లలు మార్చి చెబుతారు. మన ప్రశ్నలో ఉన్న మాటలు వాళ్ల జవాబులోకి వచ్చేస్తాయి. ఆ తర్వాత బిడ్డ సొంత జ్ఞాపకం ఏదో, మనం అందించిన మాట ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని ఇక అడగొద్దన్నాను. పాపే మొదలుపెడితే మాత్రం నోరు మూయించొద్దు, వినండి, తర్వాత పక్కకు వెళ్లి పాప వాడిన మాటలు వాడినట్టే కాగితం మీద రాయండి, దిద్దకండి అన్నాను. ఈ ఒక్క సలహా ఆమె ఎంత జాగ్రత్తగా పాటించిందో తర్వాత చెబుతాను.

తండ్రి ఫోన్ తీసుకున్నాడు. “నా కూతురితో ఎవరో మాట్లాడుతుంటే నేను బయట కూర్చోవాలా?” అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ తల్లిదండ్రుల ముఖం చూస్తారనీ, మీ కళ్లలో నీళ్లు తిరిగితే అక్కడితో ఆపేసి మిమ్మల్ని ఓదార్చడానికి చూస్తారనీ చెప్పాను. అమ్మానాన్నా దగ్గరుండి చెప్పించారన్న మాట రేపు కోర్టులో రాకూడదని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సరే, బయటే ఉంటా. కానీ ఆ తలుపు నాకు కనపడాలి,” అన్నాడు. కనపడే చోటే కూర్చోబెడతానన్నాను.

“చెప్పాలి”, “చెప్పొచ్చు”

పాపకు ఏం చెప్పి తీసుకురావాలన్న దాని మీద తల్లితో దాదాపు అరగంట మాట్లాడాను. ఆమె దగ్గర అప్పటికే రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, డాక్టరు దగ్గరికని చెప్పి తీసుకురావడం. రెండోది, బాగా చెబితే బొమ్మ కొనిపెడతాననడం.

డాక్టరని చెబితే పాప సూది కోసం చూస్తుంది. సూది లేదని తెలిశాక, అమ్మ ఒక అబద్ధం చెప్పింది, ఇంకేం అబద్ధాలు చెప్పిందో అనుకుంటుంది. ఇక బొమ్మ సంగతి. చెబితే కానుక ఇస్తామనడం బిడ్డ మాట విలువనే దెబ్బతీస్తుంది. పైగా పాపను వేధించిన మనిషి కూడా ఆమెకు ఏవేవో ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వడం, బదులుగా ఏదో కోరడం అన్న లెక్క మన చేతుల మీదుగా మళ్లీ నడవకూడదు.

చివరికి ఇద్దరం కలిసి ఈ మాటలు అనుకున్నాం. తల్లి తన యాసలో, తన గొంతులో చెప్పుకునేలా వదిలేశాను:

“రేపు పొద్దున మనం ఒక చోటికి వెళ్తాం. అక్కడ పిల్లలతో మాట్లాడే ఆంటీ ఒకామె ఉంటుంది. చాలామంది పిల్లలు అక్కడికి వస్తుంటారు. నువ్వూ ఆంటీ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. నేను బయట ఉంటాను. నీ వల్ల ఏ తప్పూ జరగలేదు. ఆంటీతో ఏ విషయమైనా చెప్పొచ్చు. మాకు కోపం రాదు.”

ఇందులో నేను పట్టుబట్టింది ‘చెప్పొచ్చు’ దగ్గర. తల్లి రెండుసార్లు ‘చెప్పాలి’ అంది. పెద్దవాళ్ల చెవికి ఆ రెండింటికీ తేడా తెలియకపోవచ్చు. పిల్లల చెవికి ‘చెప్పాలి’ ఒక పని. చేయకపోతే తప్పు, సరిగ్గా చేయకపోయినా తప్పు. ‘చెప్పొచ్చు’ అంటే తాళం వేయని తలుపు. అలాగే ‘నిజం చెప్పు’ అన్న మాట కూడా వద్దన్నాను. పిల్లలు ఇంట్లో ఆ మాట ఎప్పుడు వింటారో గుర్తుచేసుకోండి. ఏదో పగిలినప్పుడు, డబ్బులు కనపడనప్పుడు. ఆ మాట వినగానే తామే ఏదో చేశామన్న భావన వచ్చేస్తుంది. నిజం గురించి మాట్లాడే పని ఇంటర్వ్యూ చేసే ఆమెది, దానికి ఆమెకు వేరే పద్ధతి ఉంది.

ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. నాలుగైదేళ్ల పిల్లలకైతే ఆ పొద్దున చెబితే చాలంటాను. పదేళ్లు దాటినవాళ్లకు రెండు మూడు రోజుల ముందే చెప్పాలి, వాళ్ల దగ్గర ప్రశ్నలుంటాయి, దాస్తే కోప్పడతారు. ఈ పాపకు ముందురోజు సాయంత్రం, నిద్రకు బాగా ముందే చెప్పమన్నాను. అపాయింట్‌మెంట్ పొద్దున పెట్టించాను, ఏడేళ్ల పిల్ల మధ్యాహ్నానికి అలిసిపోతుంది. తమ్ముణ్ని తీసుకురావొద్దన్నాను, తనకు ఇష్టమైన వస్తువు ఏదైనా తెచ్చుకోనివ్వమన్నాను. మిగతావి మామూలే.

వైద్య పరీక్ష గురించి తల్లి అడగడానికి వెనకాడింది. నేనే ఎత్తాను. ఘటన జరిగి రోజులే అయితే పరీక్ష ఆలస్యం చేయకూడదు. అప్పటి బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే తేమకు ఆధారాలు పాడైపోతాయి. ఈ కేసులో వారాలు గడిచాయి కాబట్టి ఆ తొందర లేదు, పరీక్ష ఇంకో రోజుకు పెట్టుకున్నాం. ఈ వయసు పిల్లలకు చేసేది చాలావరకు పైనుంచి చూసే పరీక్షే. వెలుతురు, పెద్దదిగా చూపే కెమెరా వాడతారు, ఆ కెమెరా ఒంటిని తాకదు. పాప వద్దంటే ఆపేస్తారు. ఇంకో మాట తల్లికి రెండుసార్లు చెప్పాను. చాలామంది పిల్లల్లో పరీక్ష మామూలుగానే వస్తుంది. మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ జరగలేదని అర్థం కాదు. ఇది ముందే తెలియకపోతే రిపోర్టు చూసిన రోజు ఇంట్లోవాళ్లే బిడ్డను అనుమానించే ప్రమాదం ఉంది.

మొదటిసారి వచ్చిన రోజు

తల్లి, తండ్రి, నాయనమ్మ, పాప వచ్చారు. నాయనమ్మ వస్తుందని నాకు తెలియదు. ఆవిడ కారు దిగలేదు.

పాప తల్లి చేతిసంచి పట్టుకుని దాని జిప్పు లాగుతూ, మూస్తూ నిలబడింది. నేను మోకాళ్ల మీద కూర్చుని పేరు చెప్పుకున్నాను. సెంటర్ చూపిస్తానన్నాను. ముందుగా బాత్‌రూమ్, తర్వాత ఆడుకునే గది, తర్వాత మాట్లాడే గది. మాట్లాడే గదిలో రెండు సోఫా కుర్చీలు, కాగితాలు, రంగు పెన్నులు, మూలన కెమెరా ఉన్నాయి. కెమెరా గురించి దాచం. “ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆంటీ మర్చిపోకుండా ఇది గుర్తుపెట్టుకుంటుంది,” అని చూపించాం. జిప్పు చప్పుడు ఆగింది.

“అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?” అని అడిగింది.

ఆ గది తలుపుకు ఎదురుగా, కిటికీ పక్కన ఉన్న కుర్చీ చూపించాను. “ఇదిగో, ఇక్కడే. నువ్వు ఎప్పుడు బయటికొచ్చి చూసినా అమ్మ ఇక్కడే ఉంటుంది,” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు తల్లి పక్క బల్ల దగ్గర ఫారాల మీద సంతకాలు పెడుతోంది. ఆమె వినలేదు. విన్నదో లేదో నేను చూసుకోలేదు.

ఇంటర్వ్యూ బాగానే మొదలైందట. నేను చూడలేదు, ఆ గది వెనక కూర్చోవడం నా పని కాదు. ఎలా మొదలవుతుందో మాత్రం కుటుంబాలకు ముందే చెబుతుంటాను. తెలియకపోతే తెలియదనొచ్చు, ఊహించి చెప్పక్కర్లేదు, నేను తప్పుగా అంటే నువ్వు నన్ను దిద్దొచ్చు అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందుగా చెబుతారు. తర్వాత వేరే ఏదో సంగతి, పుట్టినరోజో ఆటో, మొదటి నుంచి చివరిదాకా చెప్పించి బిడ్డకు వివరంగా చెప్పడం అలవాటు చేస్తారు. అసలు విషయానికొచ్చాక కూడా అవునా కాదా అన్న ప్రశ్నలు వీలైనంత తక్కువ. “దాని గురించి చెప్పు”, “తర్వాత ఏమైంది?” ఇవే ఎక్కువ. పరిశోధకుడు మైఖేల్ లాంబ్, ఆయన సహచరులు పిల్లల ఇంటర్వ్యూల కోసం తయారుచేసిన ఎన్ఐసీహెచ్‌డీ ప్రోటోకాల్ అనే పద్ధతికి ప్రాణం ఇదే.

పాప పుట్టినరోజు గురించి చక్కగా చెప్పింది. అసలు విషయం మొదలుపెట్టింది. రెండు మూడు వాక్యాలయ్యాక బాత్‌రూమ్‌కి వెళ్తానంది. ఇంటర్వ్యూ చేసే ఆమె తలుపు తీసింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

తేదీలేవో సరిచూసుకోవడానికి అధికారి ఒకరు తల్లిని పక్క గదిలోకి పిలిచారు. రెండు నిమిషాల పని. తండ్రి అక్కడే ఉన్నాడు, “అమ్మ ఇప్పుడే వస్తుందమ్మా,” అన్నాడు. పాప ఆ కుర్చీ వైపే చూస్తూ నిలబడింది. నేను అప్పుడే వచ్చాను, ఆ ముఖం చూశాను. దిగులు పడిందనుకున్నాను.

గదిలోకి తిరిగి వెళ్లాక పాప నోరు విప్పలేదు. “గుర్తులేదు.” “ఇంకేం లేదు.” ఇంటర్వ్యూ చేసే ఆమె బలవంతం చేయలేదు. వచ్చినందుకు థాంక్స్ చెప్పి ముగించింది. గమనించండి, చెప్పినందుకు థాంక్స్ అనలేదు, వచ్చినందుకు అంది. ఏమీ చెప్పని పిల్లలు కూడా ఓడిపోయినట్టు వెళ్లకూడదు.

టీమ్ మీటింగ్‌లో, చెప్పడానికి ఇంకేమీ లేదేమో అన్న మాట వచ్చింది. ఇంటర్వ్యూ చేసే ఆమె ఒప్పుకోలేదు. బాత్‌రూమ్‌కి ముందు మాట్లాడిన పిల్ల, తర్వాత కూర్చున్న పిల్ల ఒకరిలా లేరంది. అవే ప్రశ్నలు మళ్లీ వేయడం వేరు, బిడ్డకు వ్యవధి ఇచ్చి ఆగిన చోటి నుంచి మరో సెషన్‌లో కొనసాగించడం వేరు. రెండోదానికి దారి తెరిచి ఉంచాలని నిర్ణయించాం.

ఒట్టు

మూడు రోజుల తర్వాత తెల్లవారుతూనే తల్లి ఫోన్ చేసింది. రాత్రి దీపం ఆర్పాక పాప అడిగిందట. తల్లి ఆ మాటలు కాగితం మీద రాసుకుంది, నాకు చదివి వినిపించింది:

“నేను చెప్తే నువ్వు చచ్చిపోతావా అమ్మా? నీ మీద ఒట్టేయించాడు.”

తల్లి ఇంకేమీ అడగలేదు. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పొద్దన్నాడు, ఏదీ అడగలేదు. ఏడవలేదు కూడా. చీకట్లో పాప చేయి తీసి తన తల మీద పెట్టుకుని, “ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాం. నాకేం కాదు, చూడు, బాగానే ఉన్నా,” అందట. పాప పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి అక్షరం పొల్లుపోకుండా రాసుకుందట. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ క్షణంలో ఒక ప్రశ్న వేసి ఉండేవాళ్లు. ఆమె వేయలేదు.

నాకు ఆ కుర్చీ గుర్తొచ్చింది. పాప ఒట్టు తప్పి రెండు మూడు వాక్యాలు చెప్పింది. తలుపు తీసి చూసేసరికి అమ్మ లేదు. ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుందని మాట ఇచ్చింది నేను. ఆ మాట నిలబెట్టాల్సిన మనిషికే ఆ సంగతి చెప్పలేదు.

ఇంటర్వ్యూ చేసే ఆమెకు ఇదంతా చెప్పాను. తల్లి రాసిన కాగితం, ఒట్టు గురించి తల్లి అన్న మాటలతో సహా, ఫైలులో చేరింది. ఇంట్లో బిడ్డతో ఎవరు ఏమన్నా అది దాచకుండా టీమ్‌కు తెలియాలి, మంచి మాటైనా సరే.

రెండోసారి

ఈసారి నాయనమ్మతో మాట్లాడకుండా ముందుకు కదలకూడదనుకున్నాను. పాప చెప్పిన మనిషి ఆవిడ వైపు బంధువు, ఆవిడ చేతుల్లో పెరిగినవాడు. మొదటిసారి కారులో వస్తున్నప్పుడు ఆవిడ పాపతో ఏమందో కోడలు చెప్పింది: “ఆలోచించి మాట్లాడమ్మా, పెద్దవాళ్ల బతుకులతో పని.” బెదిరించాలని అన్నది కాదు, ఆవిడ గుండె అటూ ఇటూ లాగుతోంది. ఏడేళ్ల పిల్లకు మాత్రం అది ఇంకో తాళం.

ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాను. వాడు తప్పు చేశాడని ఒప్పుకోమని అడగలేదు. “అమ్మా, మీరు ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేదు. ఆ పొద్దున మాత్రం పాపతో వేరే కబుర్లు చెప్పండి,” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. “నేను రానులే ఆ రోజు,” అంది. అదే మంచిదనిపించింది.

కుర్చీ సంగతి కూడా పక్కాగా చూసుకున్నాం. ఆ గంటసేపు తల్లిని ఎవరూ లేపకూడదని అధికారులతో సహా అందరికీ చెప్పాను. సంతకాలుంటే కాగితాలు ఆమె దగ్గరికే వెళ్లాలి. తల్లి ఫోన్ ఆఫ్ చేసింది, బాత్‌రూమ్‌కి ముందే వెళ్లొచ్చింది. పాప ముందే తల్లితో అన్నాను: “మీరు ఈ కుర్చీలోంచి లేవకూడదు, సరేనా?” “లేవను,” అంది తల్లి, పాప వైపు చూస్తూ.

నాలోపల ఉన్న మాట కూడా పాపకు చెప్పాను: “పోయినసారి అమ్మ ఇక్కడే ఉంటుందని చెప్పాను, ఉండలేదు. తప్పు నాది. సారీ.” పాప ఏమీ అనలేదు. తన నీలం నీళ్ల సీసా తెచ్చి కుర్చీ కాళ్ల దగ్గర, అమ్మ చెప్పుల పక్కన నిలబెట్టింది. కాపలా పెట్టినట్టుంది.

ఆ పొద్దున పాప మూడుసార్లు బయటికొచ్చింది. మొదటిసారి నీళ్లకు. సీసా ఎత్తి ఒక గుక్క తాగి మళ్లీ అక్కడే పెట్టింది. రెండోసారి బాత్‌రూమ్ అంది కానీ వెళ్లలేదు. మూడోసారి తల మాత్రం బయటపెట్టి చూసి తనే తలుపు వేసుకుంది. ఆ తర్వాత చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. తండ్రి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

వెళ్లేముందు తల్లిదండ్రులకు ఒక్కటే చెప్పాను. దారిలో “ఏం చెప్పావు?” అని అడగొద్దు. పాపే మాట్లాడితే వినండి, లేకపోతే మామూలు రోజులా గడపండి. పాప కంటపడకుండా ఏడవాలనిపిస్తే నాకు ఫోన్ చేయండి. తండ్రి ఆ రాత్రి చేశాడు.

ఇప్పుడు పాప థెరపీకి వస్తోంది. ట్రామాకు, అంటే మనసుకు తగిలిన గాయానికి, చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలతో, ప్రవర్తనతో పనిచేసే మాటల చికిత్స) సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు పడుతుంది, అందులో తల్లిదండ్రులకూ భాగం ఉంటుంది. కేసు ఇంకా నడుస్తోంది, దాని గురించి రాయను.

నా ఫారంలో రెండు ప్రశ్నలు కొత్తగా చేరాయి. బిడ్డతో పాటు కారులో ఎవరెవరు వస్తారు? బిడ్డకు మేం ఏయే మాటలు ఇచ్చాం, వాటిని నిలబెట్టాల్సినవాళ్లకు అవి తెలుసా? రెండోదానికి బిడ్డ గదిలోకి వెళ్లేముందే, ఒక్కొక్కరి పేరూ రాసి జవాబు నింపుతాను.

నాయనమ్మ ఈమధ్య పాపను థెరపీకి తీసుకొస్తోంది కానీ, లోపలికి రాదు. కారులోనే కూర్చుంటుంది. పోయిన వారం వెళ్లి కారు కిటికీ దగ్గర నిలబడి కాసేపు మాట్లాడాను. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. పాప బయటికి రాగానే మాటలు ఆపేసి తలుపు తీసింది. ఈ వారం కూడా వెళ్తాను.